పొడుగు మంచం

విమానం ఎక్కినప్పటి నుంచి పద్మిని మోకాళ్లు ముందు సీటుకు గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఎడమకు తిరిగినా, కుడికి ఒరిగినా అంతే. చివరికి ఒక కాలు నడవలోకి చాపి ఊపిరి పీల్చుకుంది.

పక్క సీట్లో నారాయణమూర్తి హాయిగా కూర్చున్నాడు. అతని పాదాలు నేలకు ఆనీ ఆనకుండా ఉన్నాయి. భార్యకంటే అతను జానెడు పొట్టి. పెళ్లినాటి ఫొటో కోసం ఆమె చెప్పులు విప్పింది, అతను పీట ఎక్కాడు. ఆ ఫొటోను అతను ఈనాటికీ గోడకు తగిలించనివ్వలేదు.

కాకినాడకు వెళ్లిన పని కాలేదు. దాని గురించి చెన్నై దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్ విమానంలోనూ మాట్లాడుకునేలా లేరు.

నడవకు అవతలి సీట్లో ఒక పొడుగాటి మనిషి ఉన్నాడు. గుబురు గడ్డం వల్ల వయసు తెలియడం లేదు. అతని మోకాళ్లు దాదాపు ఛాతీని తాకుతున్నాయి. అతనూ ఒక కాలు నడవలోకి చాపుకున్నాడు.

టీ బండి వచ్చింది. రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి వెళ్లాయి. బండి దాటగానే ఒకేసారి బయటికి వచ్చాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు.

కాకినాడ వదిలాక పద్మిని నవ్వడం అదే మొదలు.

"మీకూ ఇదే గోలా?" అంది.

"ఏం చెప్పమంటారు మేడమ్! దిగాక కాసేపు ఈ కాళ్లు నావి కావు. షిప్‌లో పోదామంటే బంకు పొట్టి. బస్సులో మెడ వంచి నిలబడాలి. కహాఁ జాయేఁ, ఎక్కడికి పోవాలో చెప్పండి!"

"మరి గుమ్మాలో?"

"అరె, చౌల్దారీలో మా అమ్మావాళ్ల ఇంటి గుమ్మాన్ని అడగండి, నా తలకాయ సంగతి చెప్తుంది."

పద్మిని నవ్వుతూ తల వంచి, పాపిట పక్కన జుట్టు తొలగించి చూపింది. నడినెత్తిన పాత మచ్చ. "ఇది మా వంటింటి గుమ్మం పని."

ఆ మచ్చ సంగతి నారాయణమూర్తికి ఇన్నేళ్లుగా తెలియదు. భార్య నడినెత్తిని నిలబడి చూడగల ఎత్తు అతనికి ఏనాడూ లేదు.

అతను ఆలోచనలో పడ్డాడు. ఆమె సుఖాలన్నిటిలో తనకు భాగం ఉంది. ఈ ఇబ్బందిలో మాత్రం లేదు. అందులోకి ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఒక్క నవ్వుతో ప్రవేశించాడు. ఒకరి ఇబ్బందిని చూసి అసూయపడటం సాధ్యమేనా? సాధ్యమే. తన మోకాళ్ల ముందున్న ఖాళీ అతనికి అవమానంలా తోచింది.

"ఎంత ఉంటారు మీరు?" పద్మిని అడుగుతోంది.

"ఆరడుగుల నాలుగంగుళాలు."

ఆమె కళ్లు మెరిశాయి. ఆ మెరుపును నారాయణమూర్తి చూశాడు. ఆ తర్వాత పేరు అడిగింది. రాజ్‌కిరణ్. ఉద్యోగం అడిగింది. హార్బర్‌లో ఇంజనీరు. ఉండేది ఆస్టినాబాద్‌లో, అద్దె ఇంట్లో.

"ఒక్కరేనా?"

"ప్రస్తుతానికి ఒక్కడినే."

నారాయణమూర్తి చేతిలోని పత్రికను చప్పుడయ్యేలా మూశాడు. "ఆయన్ని కాసేపు నిద్రపోనివ్వు."

"నిద్రా? ఇంట్లో మంచం మీదే పట్టదు సర్. సగం కాళ్లు బయటే ఉంటాయి."

"గరాచర్మలో మా ఇంట్లో పొడుగు మంచం ఉంది," అంది పద్మిని వెంటనే. "గవరయ్య మేస్త్రీ చేత పడాక్ చెక్కతో చేయించాం. ఒకసారి వచ్చి చూడండి."

నారాయణమూర్తి చెవులు వేడెక్కాయి. ఒంటరిగా ఉంటున్న పరాయి మగవాణ్ణి మంచం చూడటానికి రమ్మంటోంది. అదీ మొగుడు పక్కనే ఉండగా!

"జరూర్ వస్తాను మేడమ్. ముందు ఫోన్ చేస్తాను. నంబరు చెప్తారా?"

"నా ఫోన్ పైన సంచిలో ఉండిపోయింది. ఏవండీ, మీది చెప్పండి."

నారాయణమూర్తి నింపాదిగా ఒక్కో అంకె చెప్పాడు. చివర నాలుగు ఉండాల్సిన చోట ఏడు అన్నాడు. ఆకాశంలో సిగ్నల్ ఉండదు. సరిచూసుకునే వీలూ ఉండదు. రాజ్‌కిరణ్ నంబరు దాచుకుని కృతజ్ఞతలు చెప్పాడు.

నారాయణమూర్తికి తాను కాస్త ఎత్తు పెరిగినట్టు అనిపించింది.

విమానం దిగాక రాజ్‌కిరణ్ దూరం నుంచి చెయ్యి ఊపి, ఎవరో స్నేహితుడి బండి వెనక ఎక్కి వెళ్లిపోయాడు. వీళ్లు గరాచర్మకు ఆటో మాట్లాడుకున్నారు. దారి పొడవునా పద్మిని ఏదో కూనిరాగం తీస్తోంది. నారాయణమూర్తి ఇక ఆగలేకపోయాడు.

"అంత నచ్చాడా?"

"నచ్చాడు," అంది తడుముకోకుండా.

"అయితే అతని నంబరు తీసుకోలేదేం?"

"మనం వెంటపడితే చులకనైపోతాం. ఫోన్ అటునుంచే రావాలి." ఆమె వెనక్కి ఒరిగి, చాన్నాళ్ల తర్వాత నిశ్చింతగా కళ్లు మూసుకుని మళ్లీ అంది:

"వాళ్లమ్మను కూడా వెంటపెట్టుకుని వస్తే ఇంకా బాగుండు. ఆ మంచం మీద పడుకునే మన అమ్మాయి సింధూరిని చూసి, ‘పిల్ల మా వాడికంటే పొడుగు’ అని కాకినాడవాళ్లలా మొహం తిప్పుకోలేరు."