మామ ఊపిరి సాక్షిగా

మామగారి పొట్ట కోసిన రోజే మురళీధర్ అత్తగారి గుండ్లహారం కొట్టేశాడు. అందరూ ఉప్పల్ నర్సింగ్‌హోంలో థియేటర్ బయట దేవుళ్లకు మొక్కుతుంటే, ఫ్లాస్కు తెస్తానని నాచారంలోని మామగారింటికి వెళ్లి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాడు. చెంగిచెర్లలో ప్లాటు మీద అతనికి ఎప్పటినుంచో మనసు. దొంగతనం అనే మాట నచ్చక, వాటా కాస్త ముందుగా తీసుకుంటున్నాననుకున్నాడు. హారాన్ని స్కూటర్ డిక్కీలో పాత గుడ్డల కింద కుక్కి తిరిగొచ్చాడు. ఫ్లాస్కు మాత్రం మరిచిపోయాడు.

పేగు ఆపరేషన్ అయిన రామస్వామిని ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టారు. మిషన్ ఊదితే ఛాతీ లేస్తోంది, ఆపితే పడుతోంది. అల్లుడు చదువుకున్నవాడని డాక్టరు వివరంగా చెప్పాడు.

"ఈ పచ్చ లైటు చూడండి. పేషెంటు సొంతంగా ఊపిరి లాగితే వెలుగుతుంది. ఇంకా వెలగలేదు. కానీ మరీ పెనుగులాడితే కుట్లకు మంచిది కాదు."

మురళీధర్ హబ్సిగూడలో ఓ లేబొరేటరీలో మీటర్లు బాగుచేస్తాడు. దేవుణ్ణి నమ్మడు, మనుషుల్ని అసలే నమ్మడు. మీటరు చూపిస్తే మాత్రం అది వేదం.

అత్తగారు వెంకటనర్సమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, దుప్పటి కింద మొగుడి చెయ్యి పట్టుకుని వదలడం లేదు. వచ్చినప్పుడల్లా నర్సు శాంతాబాయి కసురుతోంది.

"అమ్మా, గా పైపు మీద చెయ్యి పెట్టకని ఎన్నిసార్లు జెప్పాలె?"

మర్నాడు వెంకటనర్సమ్మ స్నానానికి ఇంటికెళ్లినప్పుడు, బియ్యం డబ్బాలో దాచిన హారం పోయిన సంగతి బయటపడింది. తిరిగొచ్చి కూతురు ఉమనూ అల్లుణ్ణీ మంచం దగ్గరికి పిలిచింది.

"అది మా అవ్వ పెట్టిన హారం. పోలీసులొద్దు. ఆయన తలమీద చెయ్యిపెట్టి ఒట్టెయ్యిండ్రి. అబద్ధమైతే ఆయన పానమే చెప్తది."

ఉమ ఏడుస్తూ ఒట్టేసింది. ఏమీ కాలేదు. మురళీధర్ నవ్వాపుకుని చెయ్యి పెట్టాడు.

"మామా, నేను తియ్యలే."

పచ్చ లైటు వెలిగింది.

మురళీధర్ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ లైటు సంగతి తెలియని ఉమ కళ్లు తుడుచుకుంటూ బయటికెళ్లింది. అత్తగారు మంచం పట్టె మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. అతను మాత్రం మీటర్ల మనిషి, ఒక్క రీడింగుకే ఒప్పుకుంటాడా? మామ చెవి దగ్గర వంగి, ముందు నిజాలతో పరీక్ష మొదలుపెట్టాడు.

"మామా, ఇయ్యాల మంగళారం."

లైటు వెలగలేదు.

"నా స్కూటర్ నీలం రంగుది."

వెలగలేదు.

"హారం నేను తియ్యలే."

వెలిగింది. ఆగకుండా మిణుకుమిణుకుమంది.

"పెనుగులాడకు మామా, కుట్లు తెగుతయ్," అని గొణిగాడు. అతనికి నిజంగానే భయమేసింది. "పొద్దుగూకేలోపు యాడ తీసిన్నో ఆడ్నే పెడ్త. లేచినంక ఎవ్వలకు జెప్పకు."

లైటు శాంతించింది. పెద్దమనిషి మాటంటే మాటే అనుకున్నాడు మురళీధర్.

సాయంత్రానికి హారం బియ్యం డబ్బాలోనే దొరికింది. సరిగ్గా వెతకకుండానే ఇంత రచ్చ చేశావని ఉమ తల్లి మీద విరుచుకుపడింది. తప్పైంది అల్లుడా అని వెంకటనర్సమ్మ అంటే, మురళీధర్ పెద్ద మనసు చేసుకుని క్షమించాడు.

మరుసటి పొద్దున మత్తు మందు ఆపారు. వెంకటనర్సమ్మ రెండు చేతులూ జోడించి మొక్కుతుండగా పచ్చ లైటు వెలిగింది. కాసేపాగి మళ్లీ వెలిగింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"గిది అసలు ఊపిరమ్మా," అంది శాంతాబాయి సంతోషంగా. "నిన్నంత మత్తులనే ఉండె, ఒక్కటి గూడ సొంతంగ తియ్యలే. పైపు ఊపితె గూడ గీ లైటు వెలుగుతది, ఊపకని మొదటిరోజే జెప్తి. ఒక్క మాటన్న ఇంటివా?"

వెంకటనర్సమ్మ కళ్లు తుడుచుకుని, మెడలో హారం సర్దుకుంది.

"ఇన్న బిడ్డా. గందుకే ఊపిన."