సన్న పిడి

"కార్బన్ బూమ్ ధర మనకి అందదు నాన్నా. అల్యూమినియంది చూద్దాం," అంది కూతురు.

తండ్రి ముప్ఫై ఏళ్లుగా విండ్‌సర్ఫింగ్ నేర్పుతున్నాడు; కూతురికీ ఆయనే నేర్పాడు. పక్షవాతం వచ్చాక, తెరచాపను పట్టి నడిపే బూమ్ అనే ఆ పిడి కొనడానికి షాపుకి రావడం ఇదే మొదలు. కుడిచేతికి ఇంకా స్పర్శ రాలేదు.

ఆయన అన్నిటికన్నా సన్నది తీశాడు.

"అది నీ చేతిలో నిలవదు. డాక్టర్ లావుది పట్టుకోమన్నారుగా?"

"నువ్వు పట్టుకో."

పట్టుకుంది. పిడికిలి చక్కగా మూసుకుంది.

"సరిపోయిందిగా!"

"నాకెందుకు? ఇది నీకు కదా!"

"సోమవారం నుంచి పదిమంది నేర్చుకోడానికొస్తారు. నీళ్లలో ఎవరో ఒకరు ఉండాలిగా. నేను ఒడ్డున నిలబడి అరుస్తాలే. గొంతుకేం కాలేదు."

కూతురు ఆ పిడిని కింద పెట్టలేదు.

"ఇదే ఇచ్చెయ్యండి," అంది షాపతనితో.