ఖాళీ దుప్పటి

అడవిలో రాత్రిపూట తిరిగే పెంకుపురుగులు ఎన్ని రకాలో తేల్చడం నా పని. చెట్ల మధ్య తెల్లదుప్పటి కట్టి ముందు దీపం పెడితే చాలు, అవే వచ్చి వాలతాయి. ఈసారి కళ్ళు కాయలు కాచేలా చూసినా దుప్పటి ఖాళీయే. బల్బు మార్చాను. దుప్పటి ఉతికాను. ఆఖరికి వెన్నెలను కూడా తిట్టాను.

తెల్లారాక, టీ దొరుకుతుందేమోనని అడవి అంచున కొత్తగా పెట్టిన క్వారీకి వెళ్ళాను. రాత్రంతా వెలిగిన ఫ్లడ్‌లైట్లు అప్పుడే ఆర్పారు. స్తంభాల కింద ఒకావిడ ఊడుస్తోంది.

చీపురు ముందు పేడపురుగులు, కొమ్ముపురుగులు, రాగిరంగువి, ఆకుపచ్చగా మెరిసేవి. నేను పుస్తకాల్లో తప్ప చూడనివి కూడా ఉన్నాయి. అన్నీ చచ్చి వెల్లకిలా పడి ఉన్నాయి. అక్కడే చతికిలబడి ఏరడం మొదలుపెట్టాను.

"అయ్యయ్యో, చెత్తలో చేతులు పెడతారేంటమ్మా! లేవండి."

"రోజూ ఇన్ని పడతాయా అక్కా?" అన్నాను ఏరుతూనే.

నన్ను శుభ్రత తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకున్నట్టుంది. కంగారుగా సర్దిచెప్పింది.

"లేదమ్మా, మొదట్లో గంపలకొద్దీ ఎత్తిపోసేదాన్ని. ఇప్పుడు చాలా నయం. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి, ఒక్కటి కూడా కనపడదు."