నడిచి వెళ్ళేంత దూరం

"ఇల్లు బాగుంది గానీ మాకొద్దు," అని గురువమ్మ గుమ్మం దిగిపోయింది.

బ్రోకర్ లక్ష్మణుడు తల పట్టుకున్నాడు. ఒడిశాలోని రాయగడలో, బైపాస్ పక్కన కొత్తగా కట్టిన ఇల్లు. గాలీ వెలుతురూ ఉన్నాయి, బండి పెట్టుకోవడానికి షెడ్డు కూడా ఉంది. పొద్దుట్నుంచి ఆవిడ కాదన్న ఇళ్ళన్నిటిలోకీ ఇదే మేలు.

"ఇంతకన్నా ఏటి కావాలమ్మా మీకు?"

"ఇక్కణ్ణించి మా కోడలు ఆస్పత్రికి ఎలగెళ్తాది?"

"మీ అబ్బాయికి బండి ఉంటాది కదా! దింపేస్తాడు."

"ఒకల బండి కోసం గుమ్మంలో కాసుకుని కూకోడం ఇంక సాలు. నడిసెళ్ళేలా ఉండాల."

కోడలు పుష్ప కూతురు బేబిని చంకనేసుకుని అత్త వెనకే నడిచింది. పుష్ప నర్సు. జయపురంలో వాళ్ళ ఇల్లు ఊరి చివర. మొగుడు బాబి బండి తీసిన రోజు డ్యూటీకి వెళ్ళేది, తీయని రోజు మానేసేది. అలా మానగా మానగా ఉన్న ఉద్యోగం కాస్తా ఊడింది. రాయగడలో ఒక ప్రైవేటు ఆస్పత్రివాళ్ళు తీసుకున్నారు గానీ, వేళకి రాకపోతే కుదరదని ముందే చెప్పేశారు. రేపే చేరాలి. ఈ పూట ఇల్లు దొరక్కపోతే సాయంత్రం రైలెక్కి ముగ్గురూ జయపురం వెళ్ళిపోవాల్సిందే. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా పుష్ప బేబిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటోంది.

లక్ష్మణుడు విసుగ్గానే మార్కెట్టు వెనక వీధికి తీసుకెళ్ళాడు. ఇంటావిడ జగదాంబ ఒక రిటైర్డ్ ఆఫీసరు భార్య. మేడ మీద వాళ్ళుంటారు, కింద రెండు గదులు ఖాళీ. ఆవిడ తాళం తీసేలోపే గురువమ్మ మాయమైంది. మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూనే ఆస్పత్రి దాకా నడిచి వచ్చింది. మళ్ళీ కూరల బజారుకి, అక్కణ్ణించి పిల్లల బడికి నడిచింది. తిరిగొచ్చేసరికి చెమటతో ముద్దయిపోయింది. మొహం మాత్రం వెలుగుతోంది.

"ఇల్లు చూడమంటే ఊరు చూసొచ్చారేమిటండీ?" అంది జగదాంబ.

"ఇంట్లో ఏటుంటాది అమ్మగోరూ, గోడలేగా. పక్కింట్లో ఎవులుంటారు?"

"రైల్వేలో చేసి రిటైరైన దంపతులు. ఎప్పుడు చూసినా అరుగు మీదే ఉంటారు."

"మా ఇంట్లో గట్టిగా మాటాడితే ఆలకి వినిపిస్తాదా?"

జగదాంబ ఇబ్బందిగా నవ్వింది. "అబద్ధమెందుకూ, గోడకి గోడ. దగ్గినా వినిపిస్తుంది."

"అయితే మంచిదే," అంది గురువమ్మ.

అద్దెకొచ్చేవాళ్ళెవరూ దాన్ని మంచిది అనగా జగదాంబ వినలేదు. ఆశ్చర్యపోయే తీరిక కూడా ఇవ్వకుండా గురువమ్మ వీధి లైటు వెలుగుతుందా, పెరటి తలుపుకి గడియ గట్టిదేనా అని ఆరా తీసింది. గడియని నాలుగుసార్లు లాగి మరీ చూసింది.

"గేటుకి తాళం ఎవులేస్తారు?"

"మేమే. చీకటి పడ్డాక వేసేస్తాం."

"ఏసేక ఎవులొచ్చినా తియ్యకండి. సుట్టాలమని సెప్పినా సరే, మా కోడల్నడక్కండా తియ్యకండి."

ఇంత గయ్యాళి అత్తని జగదాంబ ఈ మధ్యకాలంలో చూడలేదు. కానీ మనసులో ఆవిడకి ధైర్యమే కలిగింది.

"మాకో పట్టింపు ఉందండీ," అంది. "మగదిక్కు లేని ఆడవాళ్ళకి ఇల్లివ్వం. మావారు ససేమిరా ఒప్పుకోరు. నిన్ననే ఒక టీచరమ్మ ఒక్కతే వస్తే పంపించేశాం. మీరు అత్తగారై ఉండి ఇంత పట్టించుకుంటున్నారంటే ఇంక మాకు దిగులేముంది! అబ్బాయి ఎప్పుడొస్తారు?"

"ఆడి పనులు ఆడికున్నాయి. మంచీ సెడ్డా ఏదున్నా నాకే సెప్పండి."

కొడుకు నోరెత్తడానికి కూడా వీల్లేని ఇల్లన్నమాట అనుకుంది జగదాంబ. పుష్పని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"నీ ఓపికకి దణ్ణం పెట్టాలమ్మా. ఈవిడతో ఎలా వేగుతున్నావు?"

పుష్ప కళ్ళు చెమర్చాయి.

"అయ్యో, ఊరుకో. ఇక్కడే ఉంటారా ఏమిటి?"

"లేదండీ. సాయంత్రం రైలుకి ఎలిపోతారు."

"హమ్మయ్య!" అంది జగదాంబ. ఆ మాట అన్న తీరుకి పుష్పకి నవ్వొచ్చింది. ఆపుకోలేక పైకే నవ్వేసింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి.

తాళంచెవి చేతికొచ్చింది. గురువమ్మ బజారు నుంచి ఒక గిన్నె, బియ్యం, పాల ప్యాకెట్టు తెచ్చింది. స్టవ్ జగదాంబే ఇచ్చింది. పాలు పొంగినప్పుడు పుష్ప చాలాసేపు అక్కడే నిలబడింది. రేపు పొద్దున్న తన కాళ్ళతో తాను డ్యూటీకి వెళ్తుంది. ఎవరి కోసమూ చూడక్కర్లేదు. బేబి అప్పుడే పక్కింటి అరుగెక్కి, ఆ ముసలాయనతో ఒడియాలో కబుర్లు మొదలుపెట్టేసింది.

పొద్దువాలుతుండగా గురువమ్మ సంచీ తీసుకుంది. పుష్ప గేటు దాకా వచ్చింది.

"ఆటో ఎక్కు అత్తా. మోకాళ్ళు నొప్పులన్నావు."

"స్టేషన్ కూడా నడిసెళ్ళే దూరమేనే. సూసొచ్చేను."

"ఆయనతో ఒక్కదానివీ ఆ ఇంట్లో ఎలగుంటావు?"

"నా సంగతొగ్గీ. ముప్పై ఏళ్ళ నుంచీ ఉన్నదాన్ని, నాకేటవుతాది?" కోడలి తల నిమిరింది గురువమ్మ. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, గేటు చువ్వల్లోంచి పుష్ప చెయ్యి పట్టుకుంది.

"నువ్వెక్కడున్నావో నా కొడుక్కి సెప్పనమ్మీ."