గడులు చిన్నవి చేసిన రోజు

ఆ రోజుల్లో మనుషుల జ్ఞాపకాలు తలలో ఉండేవి కావు. తలకో డిస్కు చొప్పున ఇంట్లో కరెంటు మీద బతికేవి. కరెంటు పోతే మనిషి ఖాళీ. అందుకే ప్రతి ఇంట్లో ఆ డిస్కుల స్విచ్చుల మీద ప్లాస్టర్ అంటించి ఉంచేవాళ్లు.

హైమవతి మొగుడు చలమయ్య డిస్కు మంగళవారం నిండిపోయింది. డిస్కులో గడికొక్క జ్ఞాపకమే పడుతుంది; పెద్దవైతే మంచిదని మొదట్లో ఆవిడే పెద్ద గడులు పెట్టించింది. దాంతో ఆవగింజంత సంగతి కూడా గోనెసంచంత చోటు ఆక్రమించింది. కొత్తది ఎక్కక, ఆయన పొద్దున్నుంచి పదకొండుసార్లు టిఫిన్ తిన్నాడు.

గడులు మార్చాలంటే స్విచ్ ఆపి, డిస్కు చెరిపి, గడులు మళ్లీ కట్టుకోవాలి. అందాకా ఆయన్ని పక్కింటి సీతారత్నం డిస్కులో దాచింది, తోడుకి పెరుగు అడిగినట్టు అడిగి.

"పిన్నిగారూ, పొరపాటున ఆపేయకండి."

"మా దానికి ప్లాస్టరుందిలే అమ్మాయ్. అందులో నేనూ ఉన్నానుగా."

గంటసేపు హైమవతి ఆ పని మీదే కూర్చుంది. చివరికి చలమయ్య చిన్న గడుల్లోకి తిరిగొచ్చి, "చట్నీలో ఉప్పు తక్కువైంది హైమా" అన్నాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పక్కింటి కాపీ చెరిపేయించింది.

"పదండి, పిన్నిగారికి థాంక్స్ చెప్పి వద్దాం."

ఖాళీ గదిలో స్విచ్ ఆపకుండా గడప దాటడం వాళ్ల ఏడు తరాల్లో లేదు. చెయ్యి దానంతటదే గోడ మీదికి వెళ్లి స్విచ్ ఆపేసింది. ఇందాక దాని మీంచి పీకిన ప్లాస్టర్ ఇంకా ఆవిడ గాజుకి అంటుకునే ఉంది.

వెనకాల చలమయ్య ఆగిపోయాడు.

"ఏవండీ," అన్నాడు చాలా మర్యాదగా, "ఇది మీ ఇల్లేనా?"