పదిహేను నిమిషాలు

ఎనిమిదో అంతస్తు దాటి నాలుగు మెట్లు ఎక్కేసరికి గడియారాలాయన చేతులు వణకడం మొదలుపెట్టాయి.

ఆయన పని గడియారాల రిపేరు. ఆవగింజంత మరను పట్టకారుతో పట్టి కూర్చోబెట్టే చేతులవి. ఊరికే వణకవు. ఇరవై రెండేళ్లుగా ఇన్సులిన్ పొడుచుకుంటున్న మనిషికి ఆ వణుకేమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"ఏమోయ్, షుగరు పడిపోయినట్టుంది," అన్నాడు కమ్మీ పట్టుకుని.

వెనకాలే వస్తున్న భార్య ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూలబడింది.

వారం రోజులుగా వాన. పార్కంతా బురద. వ్యాయామం మానకూడదని మొగుడూ పెళ్ళాలు పొద్దున్నే అపార్టుమెంటు మెట్లు ఎక్కుతున్నారు. ఇవాళ వద్దులే అని ఆయన గునిశాడు కూడా. ఆవిడే వినకుండా లాక్కొచ్చింది.

లిఫ్టుండగా ఆ వైపు ఎవరొస్తారు? పైగా ఆ మెట్ల తలుపులు మహా తిక్కవి. మంటలంటుకుంటే జనం బయటపడాలని పెట్టిన ఇనుప తలుపులు. ఇళ్లవైపు నుంచి తోస్తే తెరుచుకుంటాయి, మెట్లవైపు నుంచి ఎంత గుంజినా రావు. బయటపడాలంటే కిందిదాకా దిగాలి, లేదా పన్నెండో అంతస్తు ఎక్కి డాబా మీదికి పోవాలి. ఫోనుకు సిగ్నల్ లేదు.

ఆవిడ చేతిసంచిలోంచి మీటరు తీసి ఆయన వేలు పొడిచింది. యాభై మూడు.

డెబ్బైకి కింద దిగితేనే ప్రమాదం. ఇంకా దిగితే మాట తడబడుతుంది, ఆపైన స్పృహ పోతుంది. ఒకసారి అలాగే పోయి, దుకాణంలో అద్దాల బల్ల మీద పడ్డాడు. పద్నాలుగు కుట్లు.

"చాక్లెట్ల డబ్బా తియ్యి, తొందరగా."

ఆవిడ తీసింది. మూత తెరిస్తే ఖాళీ.

"ఆదివారమే కదా నిండా పోశాను!" అన్నాడాయన.

"మనవరాలు తినేసుంటుంది."

"అది మనింటికొచ్చి నెలైంది కదోయ్?"

"ఇప్పుడు పంచాయితీ పెట్టకండి!" అని ఆవిడ కసిరింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన మీద గొంతు లేపని మనిషి.

ఆయనకు ఒళ్లు చల్లబడింది. షుగరు వల్లే అనుకున్నాడు. పూర్తిగా అదే కాదు. మూడు నెలలుగా ఆవిడ అదోలా ఉంటోంది. వంటింటి తలుపు వేసుకుంటుంది. ఆయన గదిలోకొస్తే మాట్లాడుతున్న ఫోను పెట్టేస్తుంది. ఏమిటని అడిగితే ఏం లేదంటుంది. అడగడం మానేసి మనసులో పెట్టుకున్నాడు, పెట్టుకున్నది పురుగులా తొలుస్తోంది.

ఆవిడ సంచి అడుగు నుంచి జ్యూసు ప్యాకెట్టు తీసింది. ఉన్నది అదొక్కటే. తీసి చేతిలో పెట్టుకుని దాని వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఇవ్వవోయ్!"

ఆవిడ ఇవ్వలేదు. ఒక క్షణం. రెండు క్షణాలు. ఆ తర్వాత, నవ్వే సందర్భమేమీ లేకుండానే, చిన్నగా నవ్వింది.

మొదటిసారి ఆయనకు భార్యను చూస్తే భయమేసింది. పిలిస్తే పలికేవాళ్లు లేని చోట, తలుపులు రాని చోట, తన ప్రాణం ఆవిడ గుప్పిట్లో ఉంది.

ఆవిడ గొట్టాన్ని ప్యాకెట్టుకు గుచ్చబోయింది. తప్పిపోయింది. రెండోసారీ తప్పింది. గొట్టం జారి కింది మెట్టు మీద పడితే తీరిగ్గా వంగి తీసింది. మూడోసారికి గుచ్చి ఆయన నోటికి అందించింది.

ఆయన గటగటా తాగాడు. సగం అయ్యాక కాస్త ప్రాణం లేచొచ్చింది. ఆవిడ పెదవులు ఎండిపోయి ఉండటం అప్పుడు చూశాడు.

"నువ్వూ ఓ గుక్క తాగు."

"నాకేం రోగం? చుక్క మిగల్చకుండా తాగండి. మళ్లీ పడిపోతే ఇంకోటి లేదు."

తాగాడు. ఇక పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుని మళ్లీ చూసుకోవాలి. ఆయన చేతి గడియారం వంక చూశాడు. ఆరూ ఇరవై.

"ఎంతైందండీ?" అంది ఆవిడ.

"ఇప్పుడేగా మొదలైంది."

రెండు నిమిషాలాగి, "ఎంతైందండీ?" అని మళ్లీ అడిగింది.

"చెప్పానుగా!"

మూడోసారీ అడిగింది. అడిగిన సంగతే గుర్తులేనట్టు. ఆ తర్వాత గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

ఆరూ ముప్పై అయిదుకు ఆయన తనే వేలు పొడుచుకున్నాడు. తొంభై ఏడు. చేతులు నిలకడగా ఉన్నాయి. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత సిగ్గేసింది. కట్టుకున్న మనిషిని ఎంతమాట అనుకున్నాడు! మనసులోనే చెంపలేసుకున్నాడు. ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

"లేవోయ్, గండం గడిచింది. మెల్లగా దిగిపోదాం. ఇవాళ కాఫీ నేనే పెడతా."

ఆవిడ పలకలేదు. నుదుటి మీంచి చెమట ధారగా కారి మెడ దాకా తడిపేసింది. పిచ్చిది, నాకేమవుతుందోనని హడలిపోయి సొమ్మసిల్లింది అనుకున్నాడు. చెమట తుడుద్దామని రుమాలు కోసం ఆవిడ సంచి వెతికాడు.

లోపలి జిప్పు అరలో మూడు నెలల కిందటి డాక్టరు చీటీ చుట్టి రబ్బరు బ్యాండు వేసిన ఇన్సులిన్ పెన్ను దొరికింది, రెండింటి మీదా ఆవిడ పేరే ఉంది.