ఎడమచేతి మోహిని

“నాకు కట్టుకోను ఇయ్యనన్న చీరె ఇదే!” అంది వరదమ్మ.

పురమందిరం గోడమీది పటాల్లో అదే పెద్దది. మోహిని దేవతలకు అమృతం పోస్తోంది. స్వరాజ్యం వచ్చిన సంబరంలో పరంధామయ్య వేసిన బొమ్మ. దేవతల పంక్తిలో రైతును, నేతగాణ్ణి, బండివాణ్ణి కూర్చోబెట్టాడు. అదంతా వరదమ్మ కంటికి ఆనలేదు. మోహిని కట్టిన చిలకపచ్చ చీరె, కొంగున ఊదుకడ్డీ కాల్చిన చిల్లు, ఇవే ఆనాయి. ఆ చీరె ఇంట్లో పెట్టె అడుగున ఉంది. అడిగితే, “అది మొక్కు చీరె, ముట్టుకోవద్దు మే” అన్నాడు మొగుడు.

పులికాట్ ఒడ్డునుంచి ఆమె కాపురానికొచ్చి ఆరునెలలు. గంగజాతర రానీ, ఊరంతా తిప్పి చూపిస్తానని ఆశపెట్టిన మనిషి, ఈ పటం పేరెత్తితే మాత్రం మాట మార్చేవాడు. పక్కింటి తాయమ్మ, “నీకంటే ముందే ఆ చీరె కట్టినోళ్లు ఉండారులే” అని మూతి తిప్పేసరికి, ఈ పొద్దు మూట కట్టి మొగుడి జట్కాలో పెట్టి, ఆ పటం చూపించమని బయలుదేరదీసింది. నిజం తేలితే అట్నుంచి అటే పుట్టింటికి.

మొగుడు గోవిందస్వామి ఎడమచేత కొరడా పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

పటం దుమ్ము తుడుస్తున్న పరంధామయ్యను వరదమ్మే పలకరించింది.

“సామీ, ఈమె ఎవురు?”

“మోహినమ్మా.”

“అది దేవుని పేరు. మీ ముందర నిలబడిన మనిసి పేరు సెప్పండి.”

ముసలాయన గుమ్మం వైపు చూశాడు. “సెప్పొద్దని మీ ఆయన ఒట్టేయించుకున్నాడే!”

వరదమ్మ గుండెలో కుంపటి రాజుకుంది. “బొమ్మ గీసేటప్పుడు ఆయన గూడా ఆడే ఉండినాడా?”

“పొద్దుగూకేదాకా ఉండినాడు. కదిలితే ఒట్టు.”

“ఏం సూసి మురిసినాడో! ఎడంచేత్తో వడ్డిస్తాండాది, మర్యాద తెలీని మనిసి. ఆ బుజాలు సూడు, బస్తాలు మోసినట్టు!”

“అట్లనొద్దమ్మా. పోయిన జాతరలో జనం దండాలు పెట్టినారు.”

“ఈ జాతరకూ వస్తాదా?”

“రాకుండా ఎట్లా? మొక్కు ఇంకా తీరలేదు గదా.”

వరదమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని మొగుడి వైపు తిరిగింది. “మూట దించొద్దు. నన్ను రైలెక్కించి, నీ మోహినినే ఏలుకో పో!”

గోవిందస్వామి కొరడా గోడకు ఆనించాడు. ఒత్తయిన మీసాన్ని ఎడమచేత్తో మూసుకుని, తల వంచి, “సెప్పేయండి సామీ, నవ్వితే నవ్వనీ” అన్నాడు.

“గంగమ్మ మొక్కుకని జాతరకు మీసం తీసి చీరె కట్టిందీ, ఈ బొమ్మకు నా ముందర నిలబడిందీ నీ మొగుడేనమ్మా.”